చూపు, వినికిడి: వార్ధక్యములో వాటి రక్షణ

ఇంటిలోని పెద్దవారు దినపత్రికను చేతిలోకి తీసుకొని, రెండు నిమిషములు దగ్గరకు, దూరమునకు జరిపి చూచి, తిరిగి బల్లపై పెట్టివేయుట మనలో అనేకులు చూచియే ఉంటారు. పెండ్లివిందులో నలుగురూ ఒక మాటకు నవ్వినప్పుడు, ఆ మాట వినబడని తాతగారు తామూ ఒక చిరునవ్వు నవ్వి ఊరుకొనుట కూడ చూచియుంటారు. ఏమైనదని అడిగితే వచ్చే సమాధానము ఒక్కటే: "వయసు మీద పడింది నాయనా, ఇక ఇంతే." ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "ఉమ్ర్ హోగయీ బేటా" అంటారు. భాషలు వేరైనా ఆ మాటలోని నిస్పృహ ఒక్కటే. విన్న మనము కూడ తల ఊపి మన పనికి మనము పోతాము.

వృద్ధుల కంటికి, చెవికి ఈ ఒక్క మాటయే పెద్ద శత్రువని మా అభిప్రాయము. వయస్సుతో పాటు చూపులోను, వినికిడిలోను మార్పు వచ్చుట నిజమే. కాని ఆ మార్పులలో కొన్ని కేవలము కంటి అద్దములతో సరిపోయేవి. కొన్ని శస్త్రచికిత్సతో తొలగిపోయేవి. మరికొన్ని పోయినదానిని తిరిగి ఇవ్వకపోయినా, సకాలములో కనిపెడితే ఉన్నదానిని నిలుపుకొనదగినవి. ఏది ఏదో తెలుసుకొనక, అన్నింటికీ "వయస్సు" అనే ఒక్క పేరు పెట్టి కూర్చుంటే, నిలుపుకొనదగినది కూడ చేజారిపోతుంది. ప్రపంచములో దూరపు చూపో, దగ్గరి చూపో లోపించినవారు 220 కోట్లకు తక్కువ కారనీ, అందులో కనీసము 100 కోట్ల మంది లోపము నివారింపదగినదో, ఇంకను సరిదిద్దబడనిదో అయి ఉన్నదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించినది. అనగా దాదాపు సగము చీకటి మన అశ్రద్ధ వలన మిగిలియున్న చీకటియే.

నలుబది ఏండ్ల కన్ను

వస్తువుల నుండి వచ్చే వెలుతురు కంటిలో ప్రవేశించుట వలననే చూపు కలుగుతున్నదని 11వ శతాబ్ది ఆరంభములో ఇబ్న్ అల్ హైథమ్ తన 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథములో నిరూపించినాడు. అంతకు పూర్వము కంటి నుండియే కిరణములు వెలువడి వస్తువును తాకునని అనేకులు నమ్మేవారు. ఆ వెలుతురు కంటి ముందరి పారదర్శకమైన పొరను, నడుమనున్న కంటిపాప రంధ్రమును దాటి, దాని వెనుకనున్న కటకము ద్వారా లోపలి నేత్రపటలముపై పడుతుంది. అక్కడినుండి నేత్రనాడి ఆ సమాచారమును మెదడుకు చేరవేస్తుంది. ఈ మార్గములో ఏ మజిలీ చెడినదో తెలుసుకొనుటయే నేత్రవైద్యుని మొదటి పని.

బాల్యములో కటకము మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూడవలసి వచ్చినప్పుడు ఉబ్బి, దూరమునకు చూచునప్పుడు పలుచబడుతుంది. ఏండ్లు గడచిన కొలది అది గట్టిపడుతుంది. నలుబది ఏండ్ల ప్రాంతములో దగ్గరి అక్షరములు మసకబారుతవి. దీనిని తెలుగువారు చత్వారమన్నారు. చత్వారి అంటే నాలుగు. ఉర్దూ, హిందీ మాట్లాడేవారు దీనినే చాలీసా అన్నారు. చాలీస్ అంటే నలుబది. రెండు భాషలవారూ వయస్సును బట్టియే దీనికి పేరు పెట్టుట గమనింపదగినది. ఇది రోగము కాదు. తగిన అద్దములు పెట్టుకొంటే చాలును. అద్దములు పెట్టుకొంటే చూపు మరింత చెడునని కొందరు నమ్ముట పొరపాటు. అద్దము కటకమునకు సాయపడునే గాని దానిని చెరుపదు.

వయస్సుతో కంటిపాప రంధ్రము చిన్నదగుట, కటకము పసుపుబారుట మరి రెండు మార్పులు. ఇరువది ఏండ్ల యువకుని నేత్రపటలమునకు చేరే వెలుతురులో అరువది ఏండ్ల వారికి చేరేది సుమారు మూడవ వంతు మాత్రమే. కనుక మనకు చాలిన దీపము వారికి చాలదు. పెద్దలు చదువుకొనే చోట భుజము ప్రక్కనుండి పడే ప్రకాశవంతమైన దీపమును అమర్చుట, మెట్లపైన, స్నానపు గదిలోన వెలుతురు ఉంచుట కొద్దిపాటి ఖర్చుతో జరిగే గొప్ప ఉపకారము. చీకటిలో జారిపడి తుంటి ఎముక విరుగుట వృద్ధులకు కంటి జబ్బుకంటె పెద్ద ప్రమాదము కావచ్చును.

రెండు మోతియాలు

కటకము పాలవలె తెల్లబారి వెలుతురును అడ్డగించుటను తెలుగులో శుక్లమనీ, ఉర్దూలో మోతియాబింద్ లేక సఫేద్ మోతియా అనీ అంటారు. మన దేశములో అంధత్వమునకు ప్రధాన కారణము నేటికీ ఇదియే. అయినను దీనిని చూచి భయపడవలసిన పని లేదు. మన సుశ్రుతుడు మసకబారిన కటకమును సూదితో ప్రక్కకు నెట్టివేసే పద్ధతిని వర్ణించినాడు. సుమారు వెయ్యేండ్ల క్రిందట అమ్మార్ అల్ మౌసిలీ అనే వైద్యుడు బోలుసూదితో శుక్లమును పీల్చివేసే పద్ధతిని వ్రాసిపెట్టినాడు. రెండవ ప్రపంచ యుద్ధములో విమానపు అద్దాల ముక్కలు పైలట్ల కండ్లలో గ్రుచ్చుకొనియు వాపు పుట్టించకపోవుట గమనించిన హెరాల్డ్ రిడ్లీ, అట్టి పదార్థముతోనే కృత్రిమ కటకమును చేయించి 1949లో లండనులో ఒక రోగి కంటిలో మొదటిసారి అమర్చినాడు. నేడు శుక్లపు శస్త్రచికిత్స కొద్ది నిమిషముల పని. చాలమంది అదే దినము ఇంటికి వెళ్ళిపోతున్నారు.

శుక్లము "పండవలె", "ముదరవలె" అనే మాట మాత్రము పాతకాలపుది. ఒకప్పటి శస్త్రచికిత్సకు అది అవసరమయ్యేది. ఇప్పుడు నిత్యకృత్యములకు చూపు చాలకపోవుటయే శస్త్రచికిత్సకు సమయము. మిక్కిలి ముదిరిన శుక్లము కంటిలోని ఒత్తిడిని పెంచి, నొప్పినీ, శాశ్వత నష్టమునూ కలిగించవచ్చును.

నీటికాసులు అనే రెండవ వ్యాధి ఇట్టిది కాదు. ఉర్దూలో దీనిని కాలా మోతియా అంటారు. ఇంగ్లీషు వైద్యులు గ్లాకోమా అంటారు. ఇది కటకపు వ్యాధి కాదు, నేత్రనాడి వ్యాధి. సాధారణముగా కంటిలోని ద్రవము సరిగా వెలుపలికి పోక ఒత్తిడి పెరిగి, ఆ నాడి పోగులు ఒక్కొక్కటే నశిస్తవి. మామూలు ఒత్తిడి పాదరసపు కొలతలో 10 నుండి 21 మిల్లీమీటర్లు. ఈ పరిమితిలో ఉన్నవారికి కూడ అరుదుగా కాక ఈ వ్యాధి వచ్చుట గలదు. కనుక ఒత్తిడి కొలచుటతో పాటు నాడిని కూడ పరీక్షింపవలెను. వ్యాధి అనేకులలో నొప్పి లేకుండ, ఎరుపు లేకుండ, మొదట ప్రక్కచూపును తినివేస్తుంది. ఎదుటి అక్షరములు చివరివరకు కనబడుతునే ఉండుట వలన రోగికి అనుమానమే రాదు. పోయిన చూపు ఏ శస్త్రచికిత్సతోను తిరిగి రాదు. మిగిలినదానిని మాత్రము చుక్కల మందులతోను, లేజరు కిరణములతోను, శస్త్రచికిత్సతోను కాపాడుకొనవచ్చును.

మాకు పరిచితులైన ఒక పెద్దాయన జీవితమంతా పిల్లలకు ఉర్దూ చదువు చెప్పినవారు. నడచునప్పుడు ద్వారబంధములకు భుజము తగులుచుండగా, ఇరుగుపొరుగువారు "మోతియా దిగుతున్నది, పండనివ్వండి" అన్నారు. ఆయన రెండేండ్లు ఓపికతో ఎదురుచూచినారు. శస్త్రచికిత్సకు సిద్ధపడి ఆసుపత్రికి వెళ్ళిన దినమున, అది తెల్ల మోతియా కాదనీ, నల్ల మోతియా అనీ తెలిసినది. ఒక కన్ను పూర్తిగా పోయినది. రెండవ కంటిలో మిగిలిన కొద్దిపాటి చూపును మందులతో నిలుపుకొన్నారు. రెండు వ్యాధులకు ఒకటే పేరు ఉండుట ఎంత ప్రమాదమో ఆయనను చూచి మేము తెలుసుకొన్నాము. మోతియా అనే మాట వినబడగానే "తెల్లదా, నల్లదా?" అని వైద్యుని అడుగుట నేర్చుకొందము. ఇంటిలో తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో నీటికాసులు ఉన్నవారు, నలుబది దాటినవారు ఏ బాధ లేకపోయినా కండ్లు పరీక్ష చేయించుకొనవలెను.

చక్కెర వ్యాధి కలవారి విషయము కూడ ఇట్టిదే. రక్తములోని చక్కెర ఏండ్ల తరబడి నేత్రపటలములోని సన్నని నాళములను చెరుపుతుంది. ఆరంభములో రోగికి ఏమియు తెలియదు. చక్కెరను, రక్తపు పోటును అదుపులో ఉంచుకొనుటయు, సంవత్సరమునకు ఒకసారి కంటిపాపను మందుతో పెద్దదిగా చేయించి నేత్రపటలమును చూపించుకొనుటయు తప్పనిసరి. తిన్నని గీతలు వంకరగా కనబడుట నేత్రపటలపు నడిభాగము చెడుటకు గుర్తు. పొగత్రాగేవారికి ఈ వ్యాధియు, శుక్లమును ఎక్కువగా వస్తవి.

ఇంటి వైద్యములు, కొన్ని సందేహములు

కన్ను ఎర్రబడితే ఆకుపసరు పిండుట, చనుబాలు వేయుట పల్లెలలో ఇంకను ఉన్నది. వీటి వలన కంటి పైపొరలో పుండు పడి చూపు పోయే ప్రమాదమున్నది. దుకాణములో అడిగి తెచ్చుకొన్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును క్షణములో తగ్గిస్తవి గాని, నెలల తరబడి వేసుకొంటే శుక్లమునూ, నీటికాసులనూ తెచ్చిపెడతవి. సుర్మా మన ఇండ్లలో ఎంతో ఆప్యాయతతో వాడే వస్తువు. కాని బజారులో సుర్మా పేరుతో అమ్మేవానిలో అనేకము సీసపు ఖనిజమేనని పరీక్షలలో తేలినది. సీసము పసిపిల్లల మెదడుకు విషము. కావున దానిని పిల్లల కండ్లకు పెట్టకుండుట మేలు.

రంజాన్ మాసములో ఉపవాసము చెడునేమోనని నీటికాసుల చుక్కలను మానివేసేవారున్నారు. నెల దినములు మందు మానితే నాడికి కలిగే నష్టము తిరిగి పూడేది కాదు. కంటి చుక్కల వలన రోజా భంగము కాదని 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించినది. అప్పటికీ మనస్సు ఒప్పనివారు వైద్యునితోను, తమ ఆలింలతోను సంప్రదించి, సహరీకి ముందు, ఇఫ్తార్ తరువాత వేసుకొనేటట్లు వేళలను మార్చుకొనవచ్చును. మానుట మాత్రము తగదు.

వినికిడి మందగించుట

కంటి మసక ఇతరులకు కనబడుతుంది. చెవి మందము కనబడదు. అందుచేతనే అంధులపై జాలిపడే లోకము చెవిటివారిని చూచి విసుగుకొంటుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారము గల ఒక చిన్న భాగమున్నది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 సూక్ష్మ కేశకణములు ఉంటవి. ధ్వని తరంగములకు ఇవి కదిలి శబ్దమును నాడీ సంకేతముగా మారుస్తవి. చర్మము తెగితే తిరిగి పుడుతుంది గాని, మనిషిలో ఈ కణములు నశిస్తే తిరిగి పుట్టవు. జన్మతః వచ్చిన ఆ మూలధనముతోనే జీవితమంతా గడపవలెను.

వయస్సుతో ముందుగా నశించేవి నత్తగుల్ల మొదటి మెలికలో ఉండి హెచ్చుస్థాయి ధ్వనులను గ్రహించే కణములు. మాటలో అచ్చులు తగ్గుస్థాయి ధ్వనులు, బిగ్గరగా ఉంటవి. స, చ, ఫ వంటి హల్లులు హెచ్చుస్థాయివి, బలహీనమైనవి. క, త, ప లు క్షణమాత్రము వినబడి పోయేవి. అర్థమును వేరుచేసేవి ఈ హల్లులే. కాలు, చాలు, పాలు అనే మూడు మాటలలో మొదటి హల్లు పోతే మూడూ ఒక్కటే. ఉర్దూలో బాత్, రాత్, సాత్ అనేవి కూడ అంతే. అందుచేతనే పెద్దలు "మాట వినబడుతున్నది గాని తెలియడము లేదు" అంటారు. అది మతిమరుపు కాదు, మొండితనము కాదు. గట్టిగా అరిస్తే అచ్చులే మరింత పెరిగి హల్లులు ఇంకను మరుగుపడతవి. ముఖము కనబడేటట్లు ఎదుట కూర్చుండి, టెలివిజన్ ఆపి, మామూలు గొంతుతో నిదానముగా పలుకుట, అర్థము కాని మాటను మరొక మాటతో చెప్పుట సరియైన మార్గము.

వినికిడి తగ్గినవారు క్రమముగా సంభాషణలకు, సభలకు దూరమై ఒంటరివారవుతారు. మధ్యవయస్సులో వినికిడి లోపమును పట్టించుకొనకుండుట మతిభ్రంశ వ్యాధికి దోహదము చేసే కారణములలో ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము పేర్కొన్నది. 2024 నివేదికలో సరిదిద్దబడని చూపు లోపమును కూడ ఆ పట్టికలో చేర్చినది.

అయితే వినికిడి తగ్గుటకు ప్రతిసారీ కారణము కేశకణములే కాదు. కొందరికి గుబిలి గట్టిపడి అడ్డుపడుటయే కారణము. దానిని వైద్యుడు తీసివేస్తే సరి. అగ్గిపుల్లలు, పిన్నీసులు గ్రుచ్చుట, కాచిన నూనె పోయుట వలన కర్ణభేరి చిల్లుపడవచ్చును. చెవినుండి చీము కారుట ఏండ్ల తరబడి సాగనిచ్చేది కాదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులు ప్రాణములను కాపాడేవే అయినా లోపలి చెవికి హాని చేయగలవు. అట్టి చికిత్సలో ఉన్నవారు చెవిలో హోరు వినబడితే వెంటనే వైద్యునికి చెప్పవలెను.

యౌవనములోనే ఆరంభమయ్యే వార్ధక్యము

ఇంతవరకు చెప్పినది పెద్దల మాట. ఇక విద్యార్థుల మాట. శబ్దపు తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. 85 డెసిబెల్‌ల ధ్వనిలో దినమునకు 8 గంటలు పనిచేయుట భద్రతకు హద్దుగా అనేక దేశములలో పాటిస్తున్నారు. అటుపై ప్రతి 3 డెసిబెల్‌లకు కాలము సగమగునని అమెరికా వృత్త్యారోగ్య నిపుణుల లెక్క. అనగా 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి 15 నిమిషములు మాత్రమే. ఈ లెక్కలో పెండ్లి ఊరేగింపులో ధ్వనివర్ధకపు పెట్టె ప్రక్కన గడిపే ఒక్క గంట ఎంత పెద్ద అప్పో ఊహించుకొనవచ్చును. మరమగ్గముల షెడ్లలో, రేకుల పనిలో, పిండిమరలలో జీవించేవారు ఈ అప్పును దినదినము చేస్తున్నారు. వారికి చెవి బిరడాలు ఇప్పించుట యజమానుల విధి.

12 నుండి 35 ఏండ్ల వారిలో 100 కోట్లకు పైగా జనులు పెద్ద శబ్దముతో సంగీతము వినుట వలన వినికిడిని పోగొట్టుకొనే ప్రమాదములో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించినది. చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోన్ల ధ్వనిని గరిష్ఠములో 60 శాతము దాటనీయకుండుట, నడుమ నడుమ చెవికి విశ్రాంతి నిచ్చుట తేలికైన నియమములు. మూరెడు దూరములోని మిత్రునితో అరచి మాట్లాడవలసి వస్తే అక్కడి శబ్దము చెవికి హానికరమని తెలుసుకొనవలెను. సంగీతకచేరీ తరువాత చెవిలో మ్రోగే హోరు కేశకణముల మొర. అది మరునాటికి తగ్గినా, నష్టము మొత్తము తీరినదని చెప్పలేము.

ఎచటికి పోవలెను?

చికిత్సకు మార్గములు లేకపోలేదు. 1976లో కేంద్రప్రభుత్వము జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమమును, 2007లో చెవిటితన నివారణ కార్యక్రమమును ఆరంభించినది. హైదరాబాదులో మెహిదీపట్నము సరోజినీదేవి కంటి ఆసుపత్రి, కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి, 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదు బిడ్డ నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్నది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురములోను కంటివెలుగు కార్యక్రమములు ఆరంభమై, ఊరూర జనుల కండ్లు పరీక్షించి అద్దములు ఇచ్చినవి. పేద వృద్ధులకు కంటి అద్దములు, వినికిడి యంత్రములు ఉచితముగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకము 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ఆరంభమైనది.

వినికిడి యంత్రము పెట్టుకొన్న మొదటి వారములో గిన్నెల చప్పుడు కూడ పిడుగువలె వినబడి, కొందరు దానిని పెట్టెలో దాచివేస్తారు. మెదడు మరచిన శబ్దములను తిరిగి నేర్చుకొనుటకు కొన్ని వారములు పట్టునని వారికి ముందే చెప్పి, దినమునకు కొద్ది గంటలుగా అలవాటు చేయించవలెను. కంటి అద్దమునకు లేని సిగ్గు చెవి యంత్రమునకు ఎందుకు?

కొన్ని లక్షణములకు మాత్రము ఒక్కదినము కూడ ఆగరాదు. చూపు హఠాత్తుగా పోవుట, కంటిముందు మెరుపులు మెరసి తెర పడినట్లు అగుట, తీవ్రమైన నొప్పితో కన్ను ఎర్రబడుట, ఒక చెవి ఉన్నట్లుండి వినబడకపోవుట అట్టివి. వీటిలో గంటలు, దినములే ఫలితమును నిర్ణయిస్తవి.

మన కర్తవ్యము

ఈ సంచికను చదివే ప్రతి విద్యార్థినీ విద్యార్థులను మేము ఒక్క చిన్న పని కోరుతున్నాము. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు పెద్దవారిని ఒక కన్ను మూయించి, గోడమీది కాలెండరు చదివించండి. తరువాత రెండవ కన్ను మూయించండి. వెనుకనుండి మామూలు గొంతుతో పిలిచి చూడండి. తేడా కనబడితే "వయస్సు" అనకుండ, చేయిపట్టుకొని పరీక్షకు తీసుకొనిపోండి. తేడా లేకపోయినా, నలుబది దాటినవారిని, చక్కెర వ్యాధి కలవారిని తీసుకొనిపోండి. నీటికాసులు ఈ ఇంటి పరీక్షకు దొరికేవి కావు.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపములు. సంవత్సరమునకు ఒక దినము విద్యార్థుల తలిదండ్రులకు, తాత అవ్వలకు కళాశాల ఆవరణలోనే కంటి, చెవి పరీక్షలు జరిపించవలెననునది మొదటిది. వార్షికోత్సవపు ధ్వనివర్ధకములను ముందు వరుసలోని పిల్లలకు, పెద్దలకు హాని కలుగనంత మట్టుకే మ్రోగించవలెననునది రెండవది. రెండవదానికి ఖర్చు కూడ లేదు.

మనకు అక్షరము నేర్పిన కండ్లు అవి. మన మొదటి మాట విన్న చెవులు అవి. వాటిని వయస్సుకు వదలిపెట్టకుండుట మన విధి.